ఎక్కడ విరుగుతుందో ముందే రాయాలి

దుప్పటికి ఒక కొస నా చేతిలో, ఇంకో కొస మా అత్తగారి చేతిలో ఉండగా మా ఆయన గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నాడు. "ఈ నాలుగు నెలలూ నీ శనివారాలు ఆపెయ్. ఆఫీసులో పెద్ద పని వచ్చింది, ఏడంతస్తులు. వారానికి పదేసి షీట్లు వస్తాయి. నువ్వు చూడకపోతే నా వల్ల కాదు. ఈ శనివారమే ఆఖరని పిల్లలకి చెప్పెయ్." నేను నోరు తెరిచేలోపే అత్తగారు తన కొస తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆపేస్తుందిలేరా, పుల్లలాటేగా" అంది. తల్లీ కొడుకుల మధ్య సంగతి తేలిపోయింది. నేను దుప్పటిని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాను. ఏ బీరువాలో పెట్టాలో ఒక్క నిమిషం గుర్తు రాలేదు.

నా శనివారాలంటే ఏమిటో చెప్పాలి. మా వీధి చివరి గ్రంథాలయం పైగదిలో పది నుంచి పన్నెండు దాకా పిల్లలకి కట్టడం నేర్పుతాను. ఇటుకా సిమెంటూ ఉండవు. పాత పేపర్లు, స్ట్రాలు, దారం, బట్టల క్లిప్పులు, అంతే. పేపరుని ఒక మూల నుంచి ఎదుటి మూలకి పెన్సిలంత సన్నగా చుడితే గట్టి గొట్టమవుతుంది. నాలుగు గొట్టాలని చదరంగా కట్టించి, పక్కనుంచి ఒక్క వేలితో నెట్టమంటాను. అది ఒరిగిపోతుంది. అదే చదరంలో మూల నుంచి మూలకి ఐదో గొట్టం ఏటవాలుగా కట్టించి మళ్ళీ నెట్టమంటాను. ఈసారి ఎంత నెట్టినా కదలదు. ఎనిమిదేళ్ళ పిల్ల మొహంలో అప్పుడు కనిపించే ఆశ్చర్యం కోసం నేను వారమంతా ఎదురుచూస్తాను. ఇంట్లో దీన్ని పుల్లలాట అంటారు. అలా అనే అత్తగారే పాత పేపర్లు ఎవరికీ ఇవ్వకుండా మంచం కింద నాకోసం దాచిపెడుతుంది. ఆవిడ నా పక్షమో కాదో పదమూడేళ్ళుగా నాకు అర్థం కాలేదు.

నా క్లాసులో నాలుగే నియమాలు. కట్టినవాళ్ళే బరువు పెట్టి కూలగొట్టాలి. బరువు పెట్టేముందు, ఎక్కడ విరుగుతుందో, ఎంత బరువుకి విరుగుతుందో చీటీ మీద రాసి మడిచి డబ్బాలో వెయ్యాలి. కూలినందుకు ఎవరూ ఏడవకూడదు. చీటీ తెరిచి, తాము రాసినదానికీ జరిగినదానికీ తేడా ఎందుకొచ్చిందో కనుక్కోవాలి. ఈ నియమాలు నేనే పెట్టాను, ఎంతో తెలివిగా పెట్టానని మురిసిపోయాను కూడా. క్లాసులో పదేళ్ళ పిల్ల ఒకతి ఉంది, అందరూ ఎందుకమ్మ అంటారు. ఏం చెప్పినా మొదటి మాట 'ఎందుకు' అనే వస్తుంది. నేను నీళ్ళు తాగుతుంటే కూడా ఎందుకు తాగుతున్నారు టీచర్ అని అడిగిన ఘనురాలు.

ఇక షీట్ల సంగతి. మా ఆయనా నేనూ ఒకే కాలేజీ, ఒకే బ్యాచి. ఇద్దరం ఒకే ఆఫీసులో చేరాం. భవనానికి ఏ స్తంభం ఎంత లావుండాలో, ఏ దూలంలో ఎన్ని ఇనప ఊచలు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టి గీసే ఆఫీసు అది. అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నేను మానేశాను. "ఒక్క ఏడాదే కదా" అన్నాడు. ఆ ఏడాదికి ఇప్పుడు పదకొండేళ్ళు నిండాయి. నేను మానేసిన కొత్తలో ఒకరోజు తను గీసిన ప్లాను షీటు ఇంటికి తెచ్చి, "ఐదు నిమిషాలు చూడవూ, నీ కళ్ళు మంచివి" అన్నాడు. పెన్సిలుతో మూడు చోట్ల గీసిచ్చాను. అతను కంప్యూటర్లో దిద్దుకున్నాడు. అప్పట్నుంచి అతని పనంతా మా భోజనాల బల్ల మీదుగానే ఆఫీసుకి వెళ్తోంది. ఆ ఐదు నిమిషాలు ఒక్కోసారి మూడు గంటలయ్యేవి. మధ్యలో లేచి పొయ్యి కట్టేసి వచ్చేదాన్ని. ఆఫీసు పెద్దాయన "నీ షీట్లు మళ్ళీ చూడక్కర్లేదయ్యా" అని అందరి ముందూ అన్నాడట. ఆ మాట మా ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడల్లా వినపడుతుంది. దాంతోపాటు ఇంకో జోకు కూడా వినపడుతుంది: "మా ఆవిడ క్లాసు ఫస్టు, అందుకే బయటికి పంపకుండా ఇంట్లో దాచుకున్నాను." చుట్టాలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, నవ్వకపోతే ఏం బాగుంటుంది. పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో 'మా అమ్మ' అని వ్యాసం రాసింది. 'మా అమ్మ నాన్నకి హెల్ప్ చేస్తుంది. శనివారం ఆడుకుంటుంది' అని. టీచరు దానికి స్టారు కూడా వేసింది.

మీరు అనుకుంటున్నది నిజమే, నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కాని ఎవరి మీద రావాలో తెలియక ఇల్లంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఎందుకంటే నాకు షీట్లంటే ఇష్టం. అదే నా చిక్కు. షీటు పరిస్తే చాలు, ఒంట్లోకి ఏదో ప్రాణం వస్తుంది. గీతల్లోంచి భవనం లేచి నిలబడుతుంది, ఏ మూల బరువు ఎటు దిగుతోందో కళ్ళకి కట్టినట్టుంటుంది. అది అసలైన పని, మనుషులు కాపురముండే ఇళ్ళ పని. కాని దాని మీద నా పేరు లేదు. శనివారం క్లాసు మీద నా పేరుంది, గ్రంథాలయం బోర్డు మీద చాక్‌పీసుతో రాశారు కూడా, కాని అక్కడ కట్టేవి పేపరు వంతెనలు. శనివారాలు వదిలేస్తే పేరు పోతుంది. షీట్లు చూడనంటే పని పోతుంది. ఒకటి నాదిగా చెప్పుకోగలను, ఇంకోటి నాదని నాకు మాత్రమే తెలుసు. రెండిట్లో దేనికోసం గట్టిగా నిలబడాలి? అతను ఆ మాటన్న మంగళవారం నుంచి శుక్రవారం దాకా అన్నం కలుపుతూ కూడా ఇదే ఆలోచించాను. ఒక పూట పిల్లలకి ఇదే ఆఖరని చెప్పేద్దామనీ, ఒక పూట చచ్చినా చెప్పకూడదనీ అనిపించింది. ఒక పూటైతే అసలు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నానో మర్చిపోయాను.

శనివారం వంతెనల పరీక్ష. పిల్లల ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళు కూడా చూడ్డానికి వస్తామన్నారని అరగంట ముందే వెళ్ళాను. రెండు బల్లలని రెండడుగుల దూరంలో పెట్టి, వాటి మధ్య ఒక్కో వంతెనా ఆనించి, నడుమ చిన్న బక్కెట వేలాడదియ్యాలి. అందులో మగ్గుతో ఇసక పోస్తూ పోవాలి. పోయిన వారం పిల్లలు జట్లుగా కట్టిన వంతెనలన్నీ కిటికీ అరుగు మీద వరసగా ఉన్నాయి. ఎందుకమ్మ జట్టుది చేతిలోకి తీసుకుని చూశాను. ప్రతి గడిలోనూ ఏటవాలు గొట్టం ఉంది, సరిగ్గా నడిమి గడిలో మాత్రం లేదు. బరువు వేలాడేది అక్కడే. అయ్యో, మర్చిపోయినట్టున్నారు, పదిమందిలో కూలిపోతే పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటుంది అనుకున్నాను. అనుకున్నాక చేశానో, అనుకోకముందే చేశానో ఇప్పుడు చెప్పలేను. చూసేసరికి నా వేళ్ళు పేపరు చుట్టేసి, నడిమి గడిలో ఏటవాలుగా పెట్టి, రెండు కొసలా దారంతో కట్టేశాయి. వంతెన మళ్ళీ అరుగు మీద పెట్టేసి చేతులు దులుపుకున్నాను. అప్పుడు నా మనసుకి ఎంత తృప్తిగా అనిపించిందో కూడా చెప్పాలి.

మిగతా వంతెనలు ఐదు మగ్గులకి ఒకటి, ఏడు మగ్గులకి ఒకటి విరిగాయి. ఎందుకమ్మ వంతెన పన్నెండు మగ్గులు మోసింది. బక్కెట నిండిపోయింది, వంతెన చెక్కుచెదరలేదు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకమ్మ మాత్రం కొట్టలేదు. మగ్గు కింద పెట్టి, బల్లల మధ్య దూరి, కిందనుంచి తల పైకెత్తి చూసింది. బయటికొచ్చి నా ముందు నిలబడింది.

"టీచర్, ఇది మాది కాదు."

"మీదే కదమ్మా. ఎంత బరువు మోసిందో చూడు."

"మేం నడిమి గడి ఖాళీగా వదిలేశాం. ఇక్కడ గొట్టం ఎవరో పెట్టారు. దారం మూడు చుట్లు చుట్టారు, మా జట్టు రెండు చుట్లే చుడుతుంది."

గది మొత్తం నా వైపు తిరిగింది. అబద్ధమాడాలని కూడా తోచలేదు. "నేనే పెట్టానమ్మా. పొద్దున చూస్తే ఖాళీగా ఉంది. మర్చిపోయారేమో అనుకున్నాను" అన్నాను.

"మర్చిపోలేదు టీచర్. కావాలనే వదిలేశాం. అక్కడ లేకపోతే ఎన్ని మగ్గులకి విరుగుతుందో చూద్దామని. చీటీలో కూడా రాశాను. నన్నడిగితే చెప్పేదాన్ని కదా, ఎందుకడగలేదు?"

సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మా ఆయన గొంతు వినపడింది. మధ్యాహ్నం షీట్లు చూడాలని, నన్ను తొందరగా ఇంటికి తీసుకెళ్దామని వచ్చి, ఎప్పట్నుంచి నిలబడ్డాడో. "అదేంటి పాపా, నీ వంతెన పడిపోకుండా కాపాడితే టీచరుతో దెబ్బలాడతావా? థాంక్స్ చెప్పాలి. సాయం చేసినవాళ్ళకి ఎవరైనా థాంక్స్ చెప్తారు" అన్నాడు నవ్వుతూ.

పెద్దవాళ్ళు కూడా నవ్వారు. ఎందుకమ్మ నవ్వలేదు. "నేను సాయం అడగలేదంకుల్. అయినా మీరైతే చెప్తారా?"

"ఓ, చెప్పకుండా ఉంటానా?"

అతని మొహంకేసి చూశాను. అబద్ధమాడుతున్నాడేమో అనుకున్నాను, అదైతే నాకు కాస్త తేలికగా ఉండేది. కాదు, నిజంగా నమ్మి చెప్తున్నాడు. చెప్పాల్సిన మనిషి తను, వినాల్సిన మనిషి నేను అన్న ఊహే అతని దరిదాపుల్లో లేదు. పదకొండేళ్ళలో మా భోజనాల బల్ల దగ్గర ఆ మాట ఒక్కసారి కూడా పుట్టలేదు. అతన్ని తిట్టుకుందామనుకుంటే, ఈ పిల్లకి నేను చేసింది గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయాను. చెప్పకుండా చక్కబెట్టడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, అవతలి మనిషి ఆ ఖాళీ ఎందుకు వదిలిందో అడగాలని కూడా నాకు తట్టలేదు.

ఎందుకమ్మ కత్తెర తీసుకుని నేను కట్టిన గొట్టం కత్తిరించి తీసేసింది. బక్కెట ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టింది. తొమ్మిదో మగ్గు పోస్తుండగా నడిమి గడి పక్కకి ఒరిగింది, పై గొట్టం వంగింది, వంతెన మొత్తం రెండు ముక్కలై బక్కెటతో సహా కిందపడింది. ఆ పిల్ల గాల్లోకి ఎగిరి గంతేసింది. డబ్బాలోంచి చీటీ తీసి అందరికీ చూపించింది. 'నడిమి గడి, ఎనిమిది మగ్గులు' అని రాసుంది. గంతులు ఆపి వెంటనే నా వైపు తిరిగింది. "టీచర్, ఒక మగ్గు ఎందుకెక్కువ మోసింది?"

"వచ్చే శనివారం కనుక్కుందాం" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, ఇదే ఆఖరని చెప్పాల్సిన రోజు ఇవాళేనని.

కారులో మా ఆయన ఆ మాటే ఎత్తాడు. "వచ్చే శనివారమంటావేంటి? ఆపేస్తున్నానని చెప్తావనుకున్నాను."

"నోట్లోంచి అదే వచ్చింది."

"సరే, ఫోన్ చేసి చెప్పెయ్. పిల్ల మాత్రం గడుసుది" అని రేడియో పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ గొట్టం నేను పిల్ల కోసమే పెట్టానా? నా క్లాసు వంతెన అందరి ముందూ కూలకూడదని పెట్టానా? నా చెయ్యి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడికి పోతుంది. కూరలో ఉప్పు తగ్గినా, అత్తగారి మందులడబ్బాలో ఒక గడి ఖాళీ అయినా, షీటులో ఊచ తప్పినా. దాన్ని మంచితనమనుకున్నాను, కొంచెం గొప్పతనమని కూడా అనుకున్నాను. ఇప్పుడది ఏమిటో నాకే తెలియడంలేదు. కూలిపోయిందని ఒక పిల్ల అంత సంతోషంగా గంతెయ్యడం చూశాక, నిలబెట్టడమే నా పని అని ఎవరు చెప్పారో గుర్తుచేసుకుందామని చూశాను. ఎవరూ చెప్పినట్టు గుర్తు రాలేదు.

భోజనాలయ్యాక అతను బల్ల తుడిచి షీట్లు పరిచాడు. బల్ల తుడవడం షీట్ల కోసమే నేర్చుకున్నాడు. నేను పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. ఇష్టం లేకుండా కూర్చోవాలనుకున్నాను గాని, మొదటి షీటు చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఏం చెయ్యను. నాలుగు షీట్లు అయ్యాయి. ఐదో షీటులో బాల్కనీ ఉంది. బాల్కనీకి ఒకవైపే ఆధారం, రెండోవైపు గాల్లో ఉంటుంది. పిల్లలకి ఇది రబ్బరుతో చూపిస్తాను. రబ్బరు పైన బ్లేడుతో చిన్న గాటు పెట్టి, ఒక చివర గట్టిగా పట్టుకుని రెండో చివర కిందికి వంచితే గాటు నోరు తెరుస్తుంది. సాగేది పైభాగం, అందుకే బలమైన ఊచలు పైన ఉండాలి. మా ఆయన కింద పెట్టాడు. అలాగే కట్టేస్తే ఏదో ఒకరోజు మనుషులు నిలబడి ఉండగా ఊడి కిందికొస్తుంది. నా పెన్సిలు అప్పటికే కాగితం మీద ఆనింది. దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాను.

"ఈ షీటులో ఒక తప్పుంది" అన్నాను.

"గీసెయ్ మరి."

"నువ్వు చూడు."

"ఆటలొద్దు, సోమవారానికి ఇవ్వాలి."

"ఇవ్వనివ్వను, దొరికేదాకా. ఎక్కడ విరుగుతుందో నువ్వు చెప్పు."

మేమిద్దరమే ఉన్నామనుకుని 'నువ్వు' అంటున్నాను. తిరిగి చూస్తే వెనక అత్తగారు నిలబడి ఉంది. ఆవిడ ముందు అతన్ని 'మీరు' అనాలి. ఆవిడ ఆ సంగతి ఎత్తకుండా, "వాడికి ముందు కాస్త టీ ఇవ్వమ్మాయ్, అలిసిపోయాడు" అంది. నేను లేవలేదు. నా కాళ్ళు లేవబోయాయి, నేను ఆపుకున్నాను. కాసేపు చూసి ఆవిడే వంటింట్లోకి వెళ్ళింది. మా ఆయన విసుగ్గా షీటు తన వైపు లాక్కున్నాడు. వేలు స్తంభాల మీదుగా, దూలాల మీదుగా నడిపించాడు. అత్తగారు టీ పెట్టి తెచ్చేలోపు వేలు బాల్కనీ మీద ఆగింది.

"ఊచలు కింద పెట్టాను. పైన ఉండాలి" అన్నాడు. అంతే. పట్టుమని పదినిమిషాలు పట్టలేదు.

ఇన్నాళ్ళూ అతనికి కనిపించదనుకున్నాను. నేను చూడకపోతే ఆ ఇళ్ళు నిలబడవని, పాపం అతనికి చేతకాదని, ఎవరికీ చెప్పకుండా మనసులో జాలిపడి, ఆ జాలి మీదే బతికాను. "నీకు తెలుసా ఇది?" అని అడిగాను.

"తెలియకేం? నువ్వెలాగూ చూస్తావు కదా అని పెద్దగా పట్టించుకోను" అన్నాడు, టీ కప్పు అందుకుంటూ.

అతను దాన్ని నాకు ఇచ్చిన మెచ్చుకోలనుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా అవసరం లేదని తెలిసి బాధపడాలా, బరువు దిగిందని ఊపిరి పీల్చుకోవాలా? చేతకానివాడికి సాయం చేశాననుకున్నాను, చేతనైనవాడికి తీరిక సంపాదించి పెట్టానన్నమాట. ఆ తీరికలో అతను ఏం చేసేవాడు? క్రికెట్ చూసేవాడు, అమ్మాయితో ఆడుకునేవాడు, హాయిగా నిద్రపోయేవాడు. అవన్నీ మంచి పనులే, అదే ఇంకా తికమకగా ఉంది.

"సరే, దొరికిందిగా. మిగతావి నువ్వు చూసెయ్" అని షీట్ల దొంతర నా వైపు జరిపాడు.

"చూస్తాను. మీ ఆఫీసులో కూర్చుని చూస్తాను. సోమవారం నీతో వచ్చి పెద్దాయనని పని అడుగుతాను. శనివారాలు సెలవు కావాలని కూడా అడుగుతాను." ఈ మాటలు ఎప్పుడు అనుకున్నానో నాకు తెలియదు. వరసగా వచ్చేశాయి.

అతను నవ్వాడు. వెటకారంగా కాదు, చిన్నపిల్లని బుజ్జగించినట్టు. "నిన్ను తీసుకోవాలంటే ఏదో ఒకటి చూపించాలి కదా. పదకొండేళ్ళు ఖాళీ. ఏం చూపిస్తావు?"

అత్తగారు ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఏం చూపించాలో అతను అడిగేదాకా నాకూ తెలియదు.

"ఈ బల్ల మీద దిద్దిన ఇరవయ్యారు భవనాలు" అన్నాను. "ఏ షీటులో ఏ గీత నాదో కళ్ళు మూసుకుని చెప్తాను. ఎందుకు గియ్యాల్సొచ్చిందని మీ పెద్దాయన అడుగుతాడు. అడిగిన ప్రతిచోటా నీ తప్పేంటో కూడా చెప్పాల్సొస్తుంది."